ఉప్పు తిన్న ఐసు

అతడు తెల్లవారుజామున పురప్రవేశం చేశాడు. ఊక పరుపు మీద పవళించి, గోనెపట్టా కప్పుకొని, పైన నీలిరంగు టార్పాలిన్ ఛత్రం పట్టగా, నాలుగు చక్రాల రథం మీద విచ్చేశాడు. రథం పేరు బొలెరో పికప్పు. దాని సైలెన్సరుకు చిల్లి ఉండటంతో భేరీలూ దుందుభులూ వేరే అక్కర్లేకపోయింది. వందిమాగధులు మూడు కుక్కలు. జగదల్‌పూర్ నుంచి వచ్చే రోడ్డు పొడుగునా అతని పాదాల నుంచి గంగ కారుతూ వచ్చింది, దుమ్ములో చుక్కల గొలుసు ఒకటి పరిచి.

వెనక తలుపు దించారు. ఇద్దరు మనుషులు ఇనుప కొక్కేలు వేసి ఈడిస్తే తప్ప ఆ మహాకాయుడు కిందికి దిగలేదు. నిగనిగలాడే భుజాలు, పలకలు తీరిన దేహం, నట్టనడుమ వెన్నెముకలా నిలువునా ఒక తెల్లటి చార. ఒంట్లోంచి పొగలు. అవి ఆగ్రహజ్వాలలని కవి అనవచ్చు గానీ నేను అనను. బయటి గాలిలోని తేమ అతని చలికి జడిసి మబ్బు కట్టడం అది. హిందీవాళ్లు ఇతణ్ణి సిల్లీ అంటారు. మనవాళ్లు బరఫ్ దిమ్మ అంటారు. కావ్యనాయకుడికి ఆ రెండూ నప్పవు గనక ఈ కాసేపటికి హిమరాజు అందాం. సార్వభౌముడే. కాకపోతే సాయంత్రం నాలుగింటి దాకా.

నాయకుడు వచ్చాక పురవర్ణన చెయ్యకపోతే ప్రబంధ కవుల ఆత్మలు ఊరుకోవు. ఇది గోల్ గుంబజ్ ఉన్న బీజాపూర్ కాదు. ఆ ఊరు 2014లో విజయపుర అని పేరు మార్చుకుని ఈ గందరగోళం నుంచి తప్పుకుంది. ఇది బస్తర్ బీజాపూర్. 2007లో దంతేవాడ నుంచి విడివడి జిల్లా అయింది. ప్రబంధాల్లో పురానికి మేఘాలను రాసుకునే మేడలుండాలి. ఇక్కడ మేఘాల జోలికి పోయేవి ఇప్ప చెట్లు, టేకు చెట్లు, సెల్‌ టవర్లు. కోటచుట్టూ మొసళ్లు తిరిగే అగడ్త ఉండాలి. ఇక్కడ ఉత్తరాన ఇంద్రావతి ఉంది, దాని ఒడ్డున 1983 నుంచి పులులకు ప్రత్యేకించిన అడవి ఉంది. ఏ అగడ్త అయినా ఇంతకంటే ఏం భయపెడుతుంది? రైలు రాలేదు. పడమటిగా యాభై కిలోమీటర్లు పోతే భోపాల్‌పట్నం, అక్కడ బజారంతా తెలుగు వినిపిస్తుంది. ఇంకా ముందుకు పోతే భద్రకాళి దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. అవతలి ఒడ్డు తెలంగాణ.

మా అక్కవాళ్లది భోపాల్‌పట్నమే. బావ ఉద్యోగం బీజాపూర్‌లో కాబట్టి కాపురం ఇక్కడ. నేను వేసవి సెలవులకు చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి. ఋతువర్ణన ఒక్క మాటలో: 42 డిగ్రీలు.

హిమరాజు దిగింది కుల్ఫీలు, బరఫ్ గోలాలు అమ్మే ఒక పెద్దాయన బండి దగ్గర. భోపాల్‌పట్నం మనిషే. మావాళ్లందరూ ఆయన్ని బాపు అంటారు, నేనూ అన్నాను. ఆయన నన్ను నఖశిఖపర్యంతం చూసి, "పట్టాకు ఆ కొస పట్టు బిడ్డా" అన్నాడు. కావ్యంలో నా పాత్ర అక్కడితో ఖరారైంది.

ఇక నాయకుని జన్మవృత్తాంతం. కర్ణుడి పుట్టుక కన్నా విచిత్రమైనది ఇది. ఐసు ఫ్యాక్టరీలో ఒక పెద్ద తొట్టి ఉంటుంది. అందులో ఉండేది మంచినీళ్లు కాదు, చిక్కటి ఉప్పునీళ్లు. అమ్మోనియా తిరిగే గొట్టాలు ఆ నీళ్లను సున్నాకు పది డిగ్రీల కిందికి లాక్కుపోతాయి. మంచినీళ్లయితే అంతదూరం పోకముందే గడ్డకట్టి గొట్టాలను కావిలించుకునేవి. ఉప్పు ఉండబట్టి ఆ చలిలోనూ పారుతూనే ఉంటాయి. ఆ తొట్టిలోకి పొడుగాటి రేకు డబ్బాలు దించి, వాటిల్లో మంచినీళ్లు పోసి వదిలేస్తారు. చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు రేకు గోడలోంచి లోపలి వేడినంతా తాగేస్తాయి. డబ్బా అంచుల నుంచి నడిమికి గడ్డ పేరుకుంటూ వస్తుంది. గడ్డకట్టే నీటికి మడి ఎక్కువ. తనలో కరిగి ఉన్న గాలినీ, లవణాలనూ ఒంట్లో చేరనివ్వదు, ముందుకు నెట్టుకుంటూ పోతుంది. నాలుగువైపుల నుంచీ నెట్టించుకున్నవన్నీ పోవడానికి దారిలేక చివరికి నడుమ ఇరుక్కుంటాయి. పొద్దున నేను చూసిన తెల్ల వెన్నెముక అదే.

చూశారా సంగతి! ఉప్పును ఒంటికి తగలనివ్వని ఈ మహానుభావుడు ఉప్పు కడుపులోనే పుట్టాడు. తల్లికీ బిడ్డకూ నడుమ ఒక రేకు గోడ అడ్డం, అంతే.

పుట్టినవాడికి శత్రువులు తప్పరు. సూర్యుడు సరే, ఆయన అందరికీ శత్రువే. బాపు దిమ్మ మీద తడిపిన గోనెపట్టాలు రెండు కప్పి, పక్కల్లో ఊక దూర్చాడు. మా అక్క కొడుకు, ఎనిమిదో తరగతివాడు, అక్కడే నిలబడి అడిగాడు: "మామా, దుప్పటి కప్పితే మనకు వెచ్చగ అయితది గద, బరఫ్‌కు కాదా?" ప్రశ్న బాగుంది. దుప్పటి వేడిని పుట్టించదురా, ఉన్నచోటు నుంచి కదలనివ్వదు, అంతే. మన ఒంట్లో వేడి ఉంది గనక దాన్ని లోపలే ఉంచుతుంది, ఐసు ఒంట్లో లేదు గనక బయటే ఆపుతుంది అని చెప్పాను. కర్ణుడి కవచం లాంటిదే, కాకపోతే యాభై రూపాయలకు పాత బియ్యం కొట్లో దొరుకుతుంది.

ఎండ గురించి మాట్లాడుతుంటే బాపు కొట్టిపారేశాడు. "మే ఎండకేం గాదు బిడ్డా. ఎండకు గోనె తడిపి కప్పుత, గాలికి అదే సల్లవడతది. మిరుగు ముంగట ఉక్క వస్తది సూడు, గప్పుడు నిలువది బరఫ్." మిరుగంటే మృగశిర కార్తె. నాకు మొదట నమ్మకం కలగలేదు. 42 డిగ్రీల మేకు తట్టుకునేవాడు, 34 డిగ్రీల జూన్‌కు ఎలా ఓడిపోతాడు? తర్వాత లెక్క వేసుకుంటే బాపే గెలిచాడు. పొడిగాలిలో తడి గోనె ఆరుతూ వేడిని ఊడ్చుకుపోతుంది. ఉక్కపోతలో ఆ తంతు తలకిందులవుతుంది. గాలిలోని ఆవిరి ఐసు మీద వాలి నీరవుతుంది, అవుతూ అవుతూ తాను మోస్తున్న వేడినంతా అక్కడే దించేస్తుంది. అలా ఒక్క గ్రాము ఆవిరి వాలితే ఏడు గ్రాములకు పైగా ఐసు నీరుగారిపోతుంది. ఎండ ఎదురుగా వచ్చి కొట్టే శత్రువు. ఉక్క మాత్రం చుట్టరికం కలుపుకుని వచ్చి, కావిలించుకుని చంపే ధృతరాష్ట్రుడు.

గాలి వీస్తే కరుగుతాడు. స్టీలు పళ్లెంలో పెడితే చెక్క మీద కన్నా తొందరగా కరుగుతాడు; చల్లగా తగిలే స్టీలు మంచిదనుకుంటాం గానీ, చల్లగా తగిలిందంటేనే వేడిని చకచకా మోసే కూలీ అని అర్థం. ముక్కలు కొడితే మరీను. ఒక ఘనాన్ని అటొకటి ఇటొకటి నిలువుగా, ఒకటి అడ్డంగా కోసి ఎనిమిది ముక్కలు చేస్తే బరువు అదే, గాలికి తగిలే ఒళ్లు రెండింతలు. ఒంటరిగా ఉన్న చక్రవర్తి కన్నా చిన్న చిన్న జమీందార్లుగా చీలిన రాజ్యం ముందు కూలడం ఈ దేశానికి కొత్తేమీ కాదు.

అయినా వీళ్లెవరూ ప్రతినాయకులు కారు. ప్రతినాయకుడు బండి కింద, ప్లాస్టిక్ సంచిలో, మూతి బిగించుకుని కూర్చుని ఉన్నాడు. వాడే దొడ్డుప్పు. మహారథిలా కనిపించడు. తెల్లగా, గరుకుగా, కాస్త చెమటపట్టి, సంతలో తప్పిపోయిన కూలీలా ఉంటాడు.

వీడి వంశచరిత్ర కొంచెం నింపాదిగా చెప్పాలి, ఎందుకంటే ఈ నేల మీద ఉప్పు అంటే మామూలు సరుకు కాదు. అడవిలో అన్నీ పండుతాయి, ఉప్పు పండదు. అది సముద్రపు ఒడ్డున, ఉప్పు కొటార్ల నుంచి, లంబాడీల ఎద్దుల వీపుల మీద, వారాల తరబడి నడిచి వచ్చేది. వచ్చాక దాని ధర అడవి ఇచ్చేది కాదు, తెచ్చినవాడు చెప్పేది. బస్తర్ సంతల్లో సారపప్పు ఇచ్చి ఉప్పు తీసుకున్న రోజులు ఇక్కడి ముసలివాళ్లకు ఇంకా నోటి మాటలే: శేరుకు శేరు. చెట్టెక్కి కాయ దులిపి, నానబెట్టి, తొక్క ఊడదీసి, ఎండబెట్టి, రాతి మీద పగలగొట్టి, లోపలి కందిగింజంత పప్పు తీసి శేరు చేయడానికి ఎన్ని చేతులు, ఎన్ని రోజులు! అటు పక్క తూకంలో సముద్రం ఊరికే వదిలేసి పోయిన తెల్లరాయి. ఆ తక్కెడ ఎప్పుడూ సరిగ్గానే తూగేది. అదే దాని ఘనత. తర్వాత్తర్వాత ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రేషన్ దుకాణాల్లో పేద కుటుంబాలకు అయోడిన్ ఉప్పు ఇవ్వడం మొదలుపెట్టింది. దానికి పెట్టిన పేరు అమృత్ నమక్. ఏ కావ్యకర్తా పెట్టలేని పేరు. క్షీరసాగరాన్ని మథిస్తే అమృతం వచ్చిందన్నారు గానీ, లవణసాగరాన్ని ఎండబెడితే వస్తుందని మన పురాణాలకు తోచలేదు.

మూడో ఝాముకు యుద్ధం మొదలైంది. రణరంగం ఎర్రగుడ్డ చుట్టిన మట్టికుండ. బాపు పొద్దున్నే చక్కెర, యాలకులు వేసి మరగకాచిన పాలు చల్లారి ఉన్నాయి. వాటిని పొడుగాటి రేకు అచ్చుల్లో పోసి, మూత బిగించి, మూత చుట్టూ గోధుమపిండి మెత్తి కట్టుదిట్టం చేశాడు. అచ్చుల్ని కుండలో నిలబెట్టాడు. అప్పుడు మొనదేలిన ఇనుప చువ్వ ఎత్తాడు. గోనె తొలగింది. మొదటి పోటుకు హిమరాజు ఒంట్లో సన్నటి వెండి గీత ఒకటి మెరిసి, లోపలికి పాకి, 'టక్కు'మంది. రెండో పోటుకు భుజం ఊడి పడింది. శకలాలు నేల మీద దొర్లుతుంటే పిల్లలు ఏరుకుని నోట్లో వేసుకున్నారు. శూరుల అస్థికలను చప్పరించిన కావ్యం ఇదొక్కటే అనుకుంటాను.

కుండలోకి మూడు దోసిళ్లు ఐసు, ఒక దోసెడు ఉప్పు. మళ్లీ మూడు, మళ్లీ ఒకటి. "ఎవరు నేర్పిండ్రు బాపు ఈ లెక్క?" అంటే, "చెయ్యి నేర్పింది" అన్నాడు. పుస్తకాల ప్రకారం ఉప్పూ నీళ్లూ కలిసి చేరగలిగే అట్టడుగు చలి సున్నాకు 21 డిగ్రీల కింద. దానికి కావలసిన ఉప్పు, మొత్తం బరువులో 23.3 శాతం. బాపు లెక్క దోసిళ్లలో 25; ఉప్పు ఐసు ముక్కల కన్నా బరువు గనక తూకంలో ఇంకా ఎక్కువే. ప్రయోగశాల కన్నా కుల్ఫీ బండి చెయ్యి కాస్త పెద్దదన్నమాట.

మా మేనల్లుడు బడి నుంచి తెచ్చుకున్న థర్మామీటరు ఒకటి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. అడిగి తీసుకుని ఉత్త ఐసులో గుచ్చాను: సున్నా. కుండలో గుచ్చాను. పాదరసం సున్నా గీత దగ్గర కాస్త తటపటాయించినట్టు అనిపించింది. ఆ తర్వాత మెట్లు దిగినట్టు దిగింది. మైనస్ రెండు. మైనస్ ఐదు. ఎనిమిది. గాజు మీద గీతలు మైనస్ పదితో అయిపోయాయి. పాదరసం ఆ చివరి గీతను కూడా దాటి, అడుగున ఉన్న బుగ్గలోకి ముడుచుకుని పోయి ఇక కనబడలేదు. "పాయె మామా, ఇగ మా సార్ కొడ్తడు" అన్నాడు వాడు. 'విరిగిపోలేదురా, లోకం దాని గీతల కన్నా కిందికి పోయింది, అంతే' అని సముదాయించాను.

ఇక్కడ కథను ఆపి అసలు రహస్యం చెప్పాలి, లేకపోతే ఉప్పు వేడి పుట్టించి ఐసును కరిగించిందని అనుకునే ప్రమాదం ఉంది. చాలామంది అలాగే అనుకుంటారు. నేనూ నలభై ఏళ్లు అనుకున్నాను.

ఐసు ఒక కోట అనుకోండి. సున్నా డిగ్రీల దగ్గర కోట తలుపులు రెండూ తీసే ఉంటాయి. నీటి అణువులనే సిపాయిలు కోట విడిచి బయటికి పోతూ ఉంటారు, అంతమందీ మళ్లీ లోపలికి వస్తూ ఉంటారు. లెక్క సరిపోయినంతకాలం కోట పెరగదు, తరగదు. ఇప్పుడు గుమ్మం బయట ఉప్పు వచ్చి జీలుగు కల్లు దుకాణం పెట్టింది. బయటికి పోయేవాళ్లు ఎప్పటిలాగే పోతున్నారు. తిరిగొచ్చేవాళ్లను మాత్రం దారిలో ఆపి, "రా బావా, ఓ దొప్పెడు తాగి పో" అని కూర్చోబెడుతోంది. కోటలోకి రాక తగ్గింది. పోక తగ్గలేదు. ఉప్పు ఒక్క సిపాయినీ చంపలేదు, ఒక్క రాయీ పడగొట్టలేదు, అయినా సాయంత్రానికి కోట ఖాళీ.

అయితే కరగడం ఉచితం కాదు. కోట విడిచే ప్రతి గ్రాము ఐసూ సుంకం కట్టాలి: 80 కేలరీల వేడి. తక్కువ సొమ్మేమీ కాదు. కిలో ఐసు కరగడానికి పట్టే వేడితో, సున్నా దగ్గరున్న కిలో నీళ్లను 80 డిగ్రీల దాకా కాగబెట్టవచ్చు. పక్కనున్న చాయ్‌బండి ఆయన అడిగితే పొయ్యి లెక్కతో సహా చెబుతాడు. మామూలుగా ఈ సుంకం బయటి గాలి నుంచి నింపాదిగా వస్తుంది, అందుకే దిమ్మ అంతసేపు నిలుస్తుంది. ఉప్పు అంత ఆగనివ్వదు. తొందరపెడుతుంది. బయటి నుంచి సొమ్ము అందేలోపు ఐసు తన ఇంట్లో ఉన్న వెచ్చదనాన్నే అమ్మి కడుతుంది. సున్నా డిగ్రీల మనిషికి ఇంట్లో వెచ్చదనం ఎక్కడిదని అడగకండి. మైనస్ 21 దాకా అమ్ముకోవడానికి ఆస్తి ఉంది. ఇంట్లోది చాలక చుట్టుపక్కల ఉన్నదీ లాక్కుంటుంది. ఆ చుట్టుపక్కల ఉన్నది రేకు అచ్చు. అచ్చులో పాలు.

ఆ పాలకు ఉత్త ఐసు చాలదు. చక్కెర కలిసిన పాలు సున్నా దగ్గర గడ్డకట్టవు, ఇంకో రెండు మూడు డిగ్రీలు దిగాలి. చక్కెర కూడా ఉప్పు చేసే పనే చేస్తుంది, కాకపోతే బద్ధకంగా. కిలో నీళ్లలో 342 గ్రాముల చక్కెర కరిగిస్తే గడ్డకట్టే హద్దు దిగేది రెండు డిగ్రీలకు అటూఇటూ మాత్రమే. ఉప్పు 58 గ్రాములతోనే మూడు దాటిస్తుంది. చక్కెర కణం నీళ్లలో పడి కూడా ఒక్కటిగానే ఉంటుంది. ఉప్పు పడగానే సోడియమని, క్లోరైడని రెండుగా చీలి రెండు చేతులా బాణాలు వేస్తుంది. సవ్యసాచి అనే బిరుదు అర్జునుడి దగ్గర నుంచి వాపసు తీసుకోవచ్చు.

ఈ విద్య మనకు కొత్త కాదు. అక్బరు కొలువులో నీళ్లు చల్లబరచడానికి పెట్లుప్పు వాడేవారని అబుల్ ఫజల్ రాశాడు. ఫిరంగిలో పేలే మందు, కూజా పక్కన చేరి చల్లబరిచే మందు ఒకటే! 1724లో ఫారన్‌హీట్ అనే దొర ఐసూ నీళ్లూ నవాసారం కలిపి, ఆ చలికి సున్నా అని పేరు పెట్టి తన కొలబద్దకు పునాది వేశాడు. మా మేనల్లుడి థర్మామీటరు మీద ఆయన గీతలుంటే పాదరసం అంత తొందరగా మాయమయ్యేది కాదేమో.

ఇంతవరకూ ఉప్పు హంతకుడు. ఇప్పుడు కావ్యం అడ్డం తిరుగుతుంది, నావల్లే తిరిగింది.

కుల్ఫీ గట్టిపడేలోపు ఇంటికి పోయి, బాపు ఇచ్చిన రెండు సమానమైన ఐసు ముక్కలతో మేనల్లుడి ముందు పాండిత్యం ప్రదర్శిద్దామనుకున్నాను. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో ఉత్త మంచినీళ్లు. ఇంకోదాంట్లో అవే నీళ్లు, నాలుగు చెంచాల ఉప్పు బాగా కలిపి. చెరోదాంట్లో ఒక ముక్క. "ఏది ముందు కరుగుతుందో చెప్పరా. ఉప్పుదే. కుల్ఫీ పందెం." వాడు కాసేపు ఆలోచించి, పందేనికి ఎదురు నిలబడాలి గనక మంచినీళ్లన్నాడు. నేను చాయ్ కప్పు ఎత్తాను.

చాయ్ సగం కాకముందే మంచినీళ్లలో ముక్క బఠాణీ గింజంత అయింది. ఉప్పునీళ్లలోది నిశ్చింతగా తేలుతోంది, యోగనిద్రలో ఉన్న విష్ణుమూర్తిలా. నేను చాయ్ పూర్తిచేశాను. మంచినీళ్లలో ముక్క లేదు. ఉప్పునీళ్లలో సగానికి పైగా ఉంది. మా అక్క వంటింట్లోంచి తొంగిచూసి, "పొద్దుగాల నుంచి ఉప్పు మీద ఉపన్యాసం ఇస్తున్నవు గదరా?" అంది. నేను మాట్లాడలేదు.

మళ్లీ చేశాం. ఈసారి వాడు తన పెన్నులోంచి ఒక్కో ముక్క మీద బులుగు సిరా చుక్క వేశాడు. అప్పుడు కనబడింది అసలు నాటకం. మంచినీళ్ల గ్లాసులో ముక్క కరిగి కారిన చల్లటి నీరు, చుట్టూ ఉన్న గోరువెచ్చని నీటికన్నా బరువు కాబట్టి, బులుగు జడలుగా విడిపోయి అడుగుకు దిగుతోంది. అది దిగిన చోటికి వెచ్చని నీరు పైకి వస్తోంది. గ్లాసు మొత్తం తనంత తానే కలుపుకుంటూ, వెచ్చదనాన్ని దోసిళ్లతో తెచ్చి ముక్కకు పోస్తోంది. ఉప్పునీళ్ల గ్లాసులో అదేమీ లేదు. కరిగిన నీరు ఎంత చల్లనిదైనా ఉప్పునీటి కన్నా తేలిక. కిందికి పోలేదు. ముక్క చుట్టూనే బులుగు శాలువాలా నిలిచిపోయింది. కింద వెచ్చని ఉప్పునీళ్లు, పైన చల్లని మంచినీళ్లు, నడుమ రాకపోకలు బంద్. కుండలో ప్రాణం తీసిన ఉప్పు, గ్లాసులో కాపలా కాస్తోంది.

శల్యుడు గుర్తొచ్చాడు నాకు. ఎవరి పక్షాన ఉన్నాడో, ఎవరి పని చేస్తున్నాడో అంత సులువుగా తేలని మనిషి. నిజానికి ఉప్పు మారలేదు, రణరంగం మారింది. కుండలో ఐసు పక్కన వెచ్చని నీళ్లు లేవు. ఉన్నదల్లా ఒంటికి రాసుకుని కూర్చున్న ఉప్పు. గ్లాసులో ముక్కను తినేది ఉప్పు కాదు, గదిలో ఉన్న 35 డిగ్రీల నీళ్లు. ఉప్పు చేసింది ఆ నీళ్లకు దారి మూసెయ్యడం. "మామా, మీరు ఓడిండ్రు" అన్నాడు వాడు. ఇంత వివరణ ఇచ్చాక కూడా అదే అన్నాడు.

వేడికి దారి మూసెయ్యడం ఎంత గొప్పదో తెలియాలంటే 1833 లోకి పోవాలి. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే బోస్టన్ వర్తకుడు 180 టన్నుల చెరువు ఐసును వేడి చొరబడకుండా కట్టుదిట్టం చేసి, ఓడలో కలకత్తాకు పంపాడు. మే నెలలో బయల్దేరిన ఓడ భూమధ్యరేఖను రెండుసార్లు దాటి సెప్టెంబరులో చేరింది. చుట్టూ నాలుగు నెలలు ఉప్పు సముద్రం, ఓడ పొట్టలో హిమరాజు పూర్వీకులు. ఇంకా వంద టన్నులు మిగిలే ఉన్నారు. మద్రాసు తీరాన ఆ ఐసు దాచడానికి 1842లో కట్టిన గుండ్రటి ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది, వివేకానందుడి పేరు మీద. మన నెల్లూరు, గుంటూరు దొరబాబులు మద్రాసు పోయినప్పుడు అమెరికా చెరువును గ్లాసులో వేసుకుని తాగే ఉంటారన్నమాట.

ఇప్పుడు తిరుగు ఎగుమతి. మా బావ తమ్ముడి కొడుకు డెట్రాయిట్‌లో ఉంటాడు. జనవరిలో ఫోన్ చేస్తే వెనకనుంచి గరగరమని చప్పుడు వస్తుంది: ఇంటి ముందు మంచు మీద ఉప్పు చల్లుకుంటున్నాడు. ఆ ఊరి కిందే పెద్ద ఉప్పు గని ఉంది. బస్తర్‌లో శేరు సారపప్పు ఖరీదు చేసిన సరుకును వాళ్లు లారీలతో రోడ్డు మీద పారబోస్తారు. అక్కడా ఉప్పుకు హద్దుంది. చలి మైనస్ పది దాటి ముదిరితే మామూలు ఉప్పు మొండికేస్తుంది, అప్పుడు కాల్షియం క్లోరైడ్‌ను పిలవాలి. ఆ జాతి ఉప్పు మహా గట్టిది. అంటార్కిటికాలో డాన్ హువాన్ అనే మడుగు దాన్నే తాగి, మైనస్ యాభైలో కూడా గడ్డకట్టకుండా కూర్చుంటుంది.

పందెం ఓడిన రాజు నాలుగింటికి బండి దగ్గరకు చేరాడు. హిమరాజు సింహాసనం మీద లేడు. తడి గోనె ఉంది, ఊక ఉంది, నేల మీద పల్లం వైపు పారిపోతున్న ఒక సన్నని కాలువ ఉంది. ఎర్రగుడ్డ కుండ ఒళ్లంతా చెమటలు. అడుగున ఎక్కువ చలి తగిలినచోట ఆ చెమట తెల్లటి నూగులా గడ్డకట్టింది. బాపు ఒక అచ్చు తీసి, అరచేతుల మధ్య రెండుసార్లు దొర్లించి, పిండి గీరి మూత తీశాడు. పుల్ల గుచ్చి లాగాడు. మీగడరంగు శిఖరం ఒకటి సర్రున బయటికి వచ్చింది.

ఫలశ్రుతి: పది రూపాయలు. ఓడినవాడు రెండిటికి ఇరవై ఇచ్చాడు.

ఇచ్చే ముందు బాపు చిన్న సీసా మూత తీసి, శిఖరం మీద చిటికెడు గింజలు చల్లాడు. గోధుమరంగువి, కందిగింజంతవి. నోట్లో వేసుకున్నాక గానీ గుర్తుపట్టలేదు: సారపప్పు. "ఎక్కడివి బాపు?" అన్నాను. "ఇక్కడియే. అడివియి" అన్నాడు, నేను వేరే గ్రహం నుంచి వచ్చినట్టు చూసి. "కిలో ఎంతకు తెస్తున్నరు?" అని మా మేనల్లుడు అడిగాడు. బాపు నవ్వి చెయ్యి ఊపాడు. "ఉప్పు మాత్రం సస్తు బిడ్డా."

రేకు అచ్చుకు ఇవతల ఉప్పు, అవతల కుల్ఫీ, దాని నెత్తిన సారపప్పు. పాత సంత అంతా కుండలో ఉంది. తక్కెడ ఒక్కటే లేదు.

చీకటి పడేముందు బాపు కుండ వంచి ఉప్పునీళ్లను చింతచెట్టు మొదట్లో కాక, కొంచెం పక్కకు, రాతి మీద పారబోశాడు. చెట్టుకు మంచిది కాదట. ఆ రాయి ఇంకా ఎండ వేడిలోనే ఉంది. నీళ్లు చూస్తుండగానే ఆరి, అంచుల్లో సన్నటి తెల్లచారలు తేలాయి. సోడియమూ క్లోరైడూ మళ్లీ చెయ్యి చెయ్యి పట్టుకుని రాయి మీద కూర్చున్నాయి. ఎవరిదో మేక ఒకటి వచ్చింది. మెడలో కొయ్య గంట. ముందు వాసన చూసింది, తర్వాత నాలుకతో రాతిని గీరి గీరి నాకింది, ఆఖరి చార దాకా. ఇంకేమన్నా ఉందా అన్నట్టు మా వంక ఒకసారి చూసి, గంట చప్పుడు చేసుకుంటూ రోడ్డు దాటి, చేతిపంపు కింద తొట్టి దగ్గరకు పోయి నీళ్లు తాగడం మొదలుపెట్టింది.